పై అరలో జాడీ

"ఒక మెదడు తేవాలి," అన్నాడు గూఢచారి శాఖ పెద్ద స్ట్రాటన్.

డెల్మర్ విర్త్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పదకొండేళ్ల సర్వీసులో అతను మైక్రోఫిల్ములు తెచ్చాడు, కోడ్ పుస్తకాలు తెచ్చాడు, ఒకసారి బెర్లిన్ నుంచి బతికున్న మనిషినే పియానో పెట్టెలో తెచ్చాడు. మెదడు తెమ్మనడం మాత్రం ఇదే మొదలు.

"ఎవరిది సార్?"

"ప్రొఫెసర్ యోహాన్ వెస్టెలిన్‌ది."

డెల్మర్ ఈల వేయబోయి ఆపుకున్నాడు. నక్షత్రాల కడుపులో ఏం జరుగుతోందో కాగితం మీద లెక్కకట్టి చెప్పిన మనిషి వెస్టెలిన్. బడిపిల్లలకి కూడా ఆయన పేరు తెలుసు. ఏడేళ్ల కింద పోయాడు. "నన్ను మొత్తంగా కాల్చండి, ఏ ముక్కా దాచకండి" అని వీలునామాలో రాశాడు. అలాగే కాల్చారని పేపర్లన్నీ రాశాయి.

"మొత్తంగా కాల్చలేదన్నమాట."

"పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఫార్నమ్ ఎవర్నీ అడక్కుండా మెదడు తీసి దాచుకున్నాడు. బయటికి పొక్కకుండా లోలోపలే గొడవైంది. ఉద్యోగం పోయింది, పెళ్లాం పోయింది, నాలుగు ఊళ్లు మారాడు. జాడీ మాత్రం వదల్లేదు. ఇప్పుడు ఇండియానాలో, ఓహియో నది ఒడ్డున, హార్లన్ ఫెర్రీ ఆస్పత్రి బేస్‌మెంట్‌లో ఉన్నాడు. నీ ఊరే కదా?"

"పుట్టింది అక్కడే సార్."

"అవతలి దేశపు గూఢచారి ముఠాకి సంగతి తెలిసిపోయింది. వెస్టెలిన్ మెదడు మా లాబ్‌లో ఉంది చూడండహో అని వాళ్లు టముకు వేస్తే మన పరువేం కాను? రేపే వెళ్లి పట్రా. కోసి చదవడానికి మనవాళ్లు సిద్ధంగా ఉన్నారు."

"ఆయన వద్దన్నాడు కదా సార్?"

స్ట్రాటన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చచ్చినవాళ్ల అభ్యంతరాలు మన శాఖ పరిధిలోకి రావు."

తర్వాత సామాన్లు అప్పగించారు. పొగ చిమ్మే సిగరెట్ లైటరు, బూటు మడమలో వైర్‌లెస్, పెన్ను ఆకారంలో టార్చి. వేషం, వరద బీమా ఇన్‌స్పెక్టరు. అక్కడ కలవాల్సిన మనిషి కోరిన్ వేల్. మూడేళ్లుగా అవతలి ముఠాలో చేరి మనకి కబుర్లు పంపుతున్న డబుల్ ఏజెంట్.

మర్నాడు ఉదయం పదింటికి డెల్మర్ ఆస్పత్రికి ఎదురుగా ఉన్న బెర్నీస్ టాగర్ట్ కొట్లో, కౌంటరు ముందు ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. వీధి చివర జనం ఇసక బస్తాలు పేరుస్తున్నారు. నది అప్పటికే లాంచీ రేవు మింగేసింది.

"ఒరేయ్ డెల్మర్, చిక్కి సగమయ్యావేంట్రా? వాషింగ్టన్‌లో తిండి పెట్టరా?" అంది బెర్నీస్. ఆమె అతన్ని నిక్కర్ల వయసు నుంచీ ఎరుగును.

"పెడతారు పిన్నీ. తినే టైమే ఇవ్వరు."

"ఆ మీసమేంటి, అతికించినట్టు?"

అతికించిందే. డెల్మర్ మాట మార్చాడు. "బాబాయి పోయి ఎన్నేళ్లయింది?"

"లాయిడ్ పోయి నాలుగేళ్లు. ఇరవయ్యేళ్లు ఆ ఆస్పత్రి నేల తుడిచాడు, చివరికి తన తలకాయ కూడా అక్కడే ఇచ్చేశాడు. 'నేను పోయాక డాక్టరుగారికి పనికొచ్చేదేదైనా తీసుకోండి, నాకు మళ్లీ అక్కర్లేదు' అని కార్డు రాసి సంతకం పెట్టాడు. సాక్షి సంతకం నాదే." ఆమె వేపుడు పెనం మీద అట్లకాడతో ఒక్కటిచ్చి, శాండ్‌విచ్ అతని ముందుకు తోసింది. రొట్టె చిన్నది, వేపుడు దాని అంచులు దాటి నాలుగువైపులా వేలాడుతోంది. పంది మెదడు వేపుడు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి అమ్మ చేతి వంటతో సమానం. డెల్మర్ దాన్ని చూశాడు. జీవితంలో మొదటిసారి ముద్ద దిగేలా అనిపించలేదు.

పక్క స్టూలు మీద ఎవరో కూర్చున్నారు. నక్క బొచ్చు కాలరు, ఎర్ర తోలు గ్లవ్స్, ఆ కొట్టులో ఎప్పుడూ వాసన రాని సెంటు.

"ఉల్లిపాయ వేయించుకుంటారా?" అందామె.

"ఆవముద్ద కూడా," అన్నాడు డెల్మర్.

కోడ్ సరిపోయింది. కోరిన్ చిరునవ్వు నవ్వింది. "భయపడకండి. నేనూ పక్క కౌంటీలో, నది ఒడ్డునే పెరిగాను. ఈ నీళ్లు నాకు కొట్టిన పిండి."

పదకొండు కావస్తుండగా ఇద్దరూ బేస్‌మెంట్ మెట్లు దిగారు. ఫార్నమ్ గది నడవా చివర ఉంది. దానికి ఉక్కు తలుపు, మోకాలెత్తు గడప. తలుపు నడవాలోకి తెరుచుకుంటుంది. తిప్పే చక్రం రెండువైపులా ఉంది. లోపల గోడల నిండా అరలు, అరల నిండా జాడీలు. కిటికీలు లేవు. నమూనాలు అందించడానికి తలుపు పక్కన జానెడు చదరం ఉన్న గాజు గవాక్షం ఒక్కటే ఉంది.

లోపల అప్పటికే పోట్లాట జరుగుతోంది.

"మా నాన్నని నాకిచ్చేయండి," అంటోంది తడిసిన టోపీ పెట్టుకున్న ఒక యాభై ఏళ్ల మనిషి. ఆమె హెడ్విగ్ వెస్టెలిన్, ప్రొఫెసర్ ఒక్కగానొక్క కూతురు. సంగతి నెల కిందే తెలిసి నాలుగు రైళ్లు మారి వచ్చింది. "మొత్తంగా కాలుస్తానని ఆయనకి మాటిచ్చాను. ఏడేళ్ల నుంచీ నా మాట సగంలో ఉంది."

"ఇప్పుడది మీ నాన్నది కాదమ్మా. మానవజాతిది," అన్నాడు ఫార్నమ్. పొడుగ్గా, వంగిపోయి, చేతులకి మందు వాసన పట్టిన మనిషి.

"చివరి రెండేళ్లు ఆయన గోళ్లు మానవజాతి తీయలేదు. నేను తీశాను."

డెల్మర్ గొంతు సవరించుకుని వాషింగ్టన్ కాగితం చూపించాడు. ఇద్దరూ అతన్ని ఒకేలా, దొంగని చూసినట్టు చూశారు. అతనికి సిగ్గేసింది. బల్ల మీద ఉన్న పెద్ద జాడీకి 'వెస్టెలిన్' అని చీటీ అంటించి ఉంది. సారాయిలో చక్కెర దిమ్మలంత ముక్కలు, ఒక్కో ముక్కకీ ఒక్కో నంబరు.

అప్పుడే సైరన్ కూసింది.

పైన పరుగులు. ఆస్పత్రి మనుషులు మంటలార్పే గొట్టాలు లాక్కొచ్చి మెట్ల మీంచి బేస్‌మెంట్‌లోకి నీళ్లు వదలడం మొదలుపెట్టారు. నడవాలో నీళ్లు గలగలా పారుతున్నాయి.

"ఎవరా మూర్ఖులు?" అని అరిచింది కోరిన్. "వరదొస్తుంటే నీళ్లు లోపలికి వదుల్తారేంటి? ఆపమనండి!"

డెల్మర్ మెల్లిగా ఆమె వైపు తిరిగాడు. నది పక్క ఊళ్లో పుట్టినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరు. వరద సైరన్ కూస్తే అక్కడ ఎవరి బేస్‌మెంట్ వాళ్లే మంచినీళ్లతో నింపుకుంటారు. నానిన నేల బయట నుంచి గోడల్ని తోస్తుంది, లోపల నీళ్లుంటే ఆ తోపుకి ఎదురు తోపు దొరికి గోడలు నిలబడతాయి. నది ఒడ్డున ఆరేళ్ల పిల్లకి కూడా ఇది తెలుసు. ఈమె అక్కడ పెరగలేదు. అంటే ఈమె మూడేళ్లుగా చెప్పినదాంట్లో ఇంకా ఏమేం అబద్ధమో!

అతని చెయ్యి కోటు లోపలికి వెళ్లేసరికే ఆమె ఎర్ర గ్లవ్‌లో చిన్న పిస్తోలు ఉంది.

"ఆలస్యమైంది ఇన్‌స్పెక్టరుగారూ. మీసం ఊడుతోంది, చూసుకోండి." అతని తుపాకీ లాక్కుని నడవాలోకి విసిరేసింది. జాడీని చంకలో పెట్టుకుంది. "రెండు వైపులా పనిచేసి విసుగొచ్చింది. దీన్ని అమ్ముకుంటే ఇక జీవితాంతం సెలవే."

ఫార్నమ్ కేక వేశాడు. కానీ అతని కళ్లు జాడీ వైపు లేవు. పై అర వైపు ఉన్నాయి. అది డెల్మర్‌కి గుర్తుండిపోయింది.

కోరిన్ గడప దాటింది. ఉక్కు తలుపు ధడాలున మూసింది. శవాల్ని తోసే బండిని ఆ తలుపుకి ఆనించి, నీళ్లలో చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది.

డెల్మర్ చక్రం తిప్పి భుజంతో గుద్దాడు. తలుపు ఇంచీ కదిలి మళ్లీ మూసుకుంది. అంతలో ఎక్కడో కిటికీ పగిలిన చప్పుడు. నది కూడా బేస్‌మెంట్‌లోకి దిగింది. గవాక్షం గాజు వెనక గోధుమరంగు నీళ్లు లేస్తున్నాయి. అంగుళం, ఇంకో అంగుళం. ఆ నీళ్ల బరువంతా ఇప్పుడు తలుపు మీద ఉంది. ముగ్గురు కాదు, ముప్పైమంది తోసినా కదలదు.

దీపాలు ఆరిపోయాయి.

పెన్ను టార్చి వెలిగింది. లైటరు పొగ వల్ల ఎవరికీ లాభం లేదు. బూటు మడమ వైర్‌లెస్‌లో ఎంత తిప్పినా కాంక్రీటు దాటి ఒకే ఒక స్టేషను వచ్చింది. అందులో ఒక పాస్టరు సహనం గురించి మాట్లాడుతున్నాడు. డెల్మర్ కట్టేశాడు.

అతనికి భయం వేసింది. బెర్లిన్‌లో కూడా అంత భయం వేయలేదు. గది పది అడుగులు, కప్పు ఎనిమిది అడుగులు, తలుపు కింద రబ్బరు పట్టీ నుంచి సన్నగా నీళ్లు చిమ్ముతున్నాయి. ఇలాగే కూర్చుంటే గోడ విరిగి మీద పడుతుంది, లేదా గాలి అయిపోతుంది. ఏది ముందో చెప్పడం కష్టం. ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి అతను, వాళ్ల నాన్న వరదలో ఇంటి నేలమాళిగలో ఇలాగే చిక్కుకున్నారు. నాన్న తలుపు తోయలేదు. గొడ్డలి తీసుకుని గోడకి కన్నం పెట్టాడు.

డెల్మర్ స్టూలు ఎత్తాడు. "ఆ గాజు పగలగొడుతున్నాను."

"పిచ్చా? మునిగిపోతాం!" అంది హెడ్విగ్.

"లోపలా బయటా నీళ్లు సమానమైతే తలుపు మీద బరువుండదమ్మా. మునగాలి. మునిగితేనే బయటపడతాం."

"వద్దు! నా నమూనాలు!" ఫార్నమ్ అడ్డం వచ్చాడు. డెల్మర్ అతన్ని పక్కకి నెట్టి స్టూలు కాలితో గాజు మీద కొట్టాడు. మూడో దెబ్బకి పగిలింది. నీళ్లు స్తంభంలా లోపలికి దూకాయి. చల్లదనం ఎముకలు కొరికింది. మోకాళ్లు, తొడలు. కింది అరల్లోని జాడీలు ఒక్కొక్కటే లేచి గదిలో తేలసాగాయి.

ఫార్నమ్ వాటి జోలికి పోలేదు. చిన్న నిచ్చెన ఎక్కి పై అర చివర నుంచి ఒక్క జాడీ దింపి గుండెకి అదుముకున్నాడు. డెల్మర్ టార్చి వేశాడు. చీటీ మీద 'లాయిడ్ టాగర్ట్, 61, స్వీపరు' అని ఉంది.

"డాక్టరుగారూ, ఇన్ని జాడీల్లో ఆ స్వీపరు జాడీయే ఎందుకు కావలసొచ్చింది?"

ఫార్నమ్ జాడీ మీది చీటీని అరచేత్తో కప్పేశాడు. ముందు అర్థమైంది హెడ్విగ్‌కే.

"చీటీలు మార్చేశారు," అందామె.

"నాలుగేళ్లయింది." ముసలి డాక్టరు ఒప్పుకున్నాడు. "ఎప్పుడో ఒకరోజు దొంగలొస్తారని తెలుసు. స్వీపరు జాడీ ఎవరిక్కావాలి?"

"అయితే ఆవిడ ఎత్తుకెళ్లింది..."

"లాయిడ్‌ని."

హెడ్విగ్ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నీళ్లు ఆమె నడుము దాటాయి. "ఏడేళ్లు మా నాన్నని కోసి చూశారు కదా. ఏం కనపడింది? అదైనా చెప్పండి."

ఫార్నమ్ అరచెయ్యి తీసి చీటీ వంక చూశాడు.

"రెండువందల నలభై ముక్కలు. వెయ్యికి పైగా స్లైడులు. రాత్రనక పగలనక చూశాను. ఏమీ కనపడలేదమ్మా. చీటీలు తీసేస్తే ఈ రెండిట్లో ఏది ఎవరిదో నాకే తెలీదు."

"మరి నేను అడిగినప్పుడు ఎందుకివ్వలేదు?"

"ఏదో ఒకటి దొరికితే నేను చేసింది సైన్సు అవుతుంది. దొరక్కముందే ఇచ్చేస్తే దొంగతనం అయిపోతుంది."

డెల్మర్‌కి అతని మీద జాలేసింది. తలుపు ఇప్పుడు మూసుకుంది గానీ, ఈ మనిషి ఏడేళ్లుగా ఆ జాడీకి బందీ.

నీళ్లు ఛాతీకొచ్చాయి. గవాక్షంలో నీళ్ల ఉరుకు తగ్గింది, ఆగింది. "ఇప్పుడే," అన్నాడు డెల్మర్. చక్రం ఎక్కడో పట్టేసింది, ఒక్కడివల్ల తిరగడం లేదు. "డాక్టరుగారూ, రండి. రెండు చేతులూ కావాలి."

ఫార్నమ్ జాడీ వంక చూశాడు. పెట్టడానికి చోటు లేదు. బల్ల మునిగింది, కింది అరలు మునిగాయి, పై అర అందనంత ఎత్తు, నిచ్చెన ఎటో తేలిపోయింది. నీళ్లలో వదిలితే ఏ జాడీ ఏదో చీకట్లో తెలీదు.

"చేతులు కావాలండీ!"

ముసలాయన జాడీని హెడ్విగ్ చేతుల్లో పెట్టాడు. "జాగ్రత్తమ్మా. మూత ఎడమవైపు కొంచెం వదులు."

ఆమె దాన్ని తల కన్నా పైకి ఎత్తి పట్టుకుంది. మొగవాళ్లిద్దరూ చక్రం మీద పడ్డారు. అది కిర్రుమని తిరిగింది. తలుపు, ఇందాక కొండలా నిలబడిన తలుపు, నీళ్లలో నెమ్మదిగా తోసుకుంటూ తెరుచుకుంది. శవాల బండి పక్కకి దొర్లిపోయింది.

మెట్లెక్కి వెలుతుర్లోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఊరంతా గోధుమరంగు చెరువైంది. పావుమైలు అవతల మునిగిన మొక్కజొన్న పొలం మీద ఒక నీటి విమానం అప్పుడే దిగింది, ఇంజను ఇంకా తిరుగుతోంది. దాని వైపు మోటారు పడవలో నక్క బొచ్చు కాలరు దూసుకుపోతోంది.

డెల్మర్ ఇసక బస్తాల వాళ్ల దగ్గర బల్లపరుపు అడుగున్న పడవ ఒకటి లాక్కున్నాడు. షెరీఫ్ మనుషులు ఇంకో పడవలో వెనకే బయల్దేరారు. కోరిన్ ముందు రెండు దారులున్నాయి. చుట్టూ తిరిగి వాగు గుండా వెళ్లడం ఒకటి, పొలం మీదుగా అడ్డంగా పోవడం ఒకటి.

"అటు వెళ్లకండి!" అని అరిచాడు డెల్మర్ చేతులూపుతూ. "పొలంలో కంచె ఉంది! ముళ్ల కంచె!"

అది నికార్సయిన నిజం. రెండు వైపులా అబద్ధాలమ్ముకుని బతికిన మనిషి దాన్ని నమ్మలేకపోయింది. చుక్కాని సరిగ్గా అటే తిప్పింది. అడుగు లోతు నీళ్ల కింద పడుకున్న ముళ్లతీగ పడవ మర రెక్కలకి చుట్టుకుంది. పడవ గిర్రున తిరిగి ఆగిపోయింది. విమానం ఇంకా ముప్పై గజాల దూరంలో ఉంది. అది వచ్చి పక్కన చేరుతోంది. రెక్క కిందనుంచి ఒక మనిషి నడుము దాకా వంగి రెండు చేతులూ చాపాడు.

కోరిన్ లేచి నిలబడి జాడీని రెండు చేతులతో విసిరింది.

అవతలివాడి వేళ్లు గాజుకి తగిలాయి. జారింది. అంతకు ముందే డెల్మర్ పడవలోంచి దూకాడు. మంచు లాంటి నీళ్లలో, మీసం ఎటో కొట్టుకుపోతుండగా, మునిగి తేలుతున్న జాడీని కడుపుకి అదిమి పట్టుకున్నాడు. షెరీఫ్ తుపాకీ రెండుసార్లు పేలింది. విమానం నీళ్లు చిమ్ముకుంటూ వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది. లాయిడ్ టాగర్ట్ కోసం ఒక ప్రభుత్వం నీళ్లలోకి దూకడం అదే మొదటిసారి, పాపం అతను చూడలేదు.

"అక్కడ కంచె ఉందని నీకెలా తెలుసు?" అంది బేడీలు వేయించుకుంటూ కోరిన్.

"పక్క కౌంటీలో పెరిగుంటే మీకూ తెలిసేది," అన్నాడు డెల్మర్.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే, కట్ట మీద ఇసక బస్తాల వాళ్లు చలి కాచుకునే ఇనప పీపా దగ్గర నలుగురు నిలబడ్డారు. బెర్నీస్‌ని డెల్మరే పిలుచుకొచ్చాడు. ఆమెని అడక్కుండా అడుగు ముందుకెయ్యడం అతనికి ఇష్టం లేకపోయింది. ఆ పొరపాటు ఏడేళ్ల కింద ఒకరు చేసే ఇంత దూరం వచ్చింది.

"మా ఆఫీసు వాళ్లకి వెస్టెలిన్ అని చీటీ ఉన్న జాడీ కావాలి పిన్నీ. అది బాబాయిది. నువ్వు వద్దంటే ఇప్పుడే నీ చేతికిస్తాను, వాషింగ్టన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నా ఉద్యోగం సంగతి తర్వాత."

బెర్నీస్ జాడీని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. అందులో ఆయన పోలికలేవీ లేవు. "పనికొచ్చేదేదైనా తీసుకోమన్నాడుగా," అంది చివరికి. "మీ బాబాయికి వాషింగ్టన్ చూడాలని ఎప్పట్నుంచో కోరిక. నేనే కొట్టు మూయడం కుదరదని తీసికెళ్లలేదు. వెళ్లనీ."

హెడ్విగ్ రెండో జాడీ మూత తీసింది. ఒక్కో ముక్కా పీపాలో వేస్తుంటే నీలంగా, చప్పుడు లేకుండా భగ్గుమంటోంది. ఫార్నమ్ పక్కనే నిలబడి నోట్లో నంబర్లు చదువుతున్నాడు. రెండువందల ముప్పైతొమ్మిది దగ్గర ఆమె ఆగింది. ఆఖరి ముక్కని అతనికి అందించింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. ఇక ఇవ్వడేమోనని డెల్మర్‌కి అనిపించింది.

"క్షమించండి ప్రొఫెసర్," అని ఫార్నమ్ దాన్ని మంటలో వేశాడు. వేశాక ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. హెడ్విగ్ అతని మోచెయ్యి పట్టుకుని కట్ట దింపింది.

డెల్మర్ తన రిపోర్టులో ఒక్క అబద్ధమూ రాయలేదు. 'వెస్టెలిన్ అని చీటీ ఉన్న జాడీ స్వాధీనమైంది' అని రాశాడు. చీటీల చరిత్ర ఎవరూ అడగలేదు.

ఏడాదిన్నర తర్వాత స్ట్రాటన్ అతనికో నివేదిక పంపాడు. పదకొండుమంది నిపుణుల సంతకాలున్నాయి. డెల్మర్ దాన్ని బెర్నీస్ కొట్లో, కౌంటరు ముందు, బయటికి చదివాడు. 'ఇటువంటి ముడతలు శతాబ్దానికి ఒక్క మెదడులో కనిపిస్తాయి. గణితానికి సంబంధించిన భాగం సామాన్యుల కన్నా స్పష్టంగా పెద్దది. ఈ నిర్మాణం చూస్తే నక్షత్రాల రహస్యం ఈయనకి ఎలా చిక్కిందో ఆశ్చర్యం కలగదు.'

బెర్నీస్ అట్లకాడ పట్టుకుని అంతా విన్నది. పెనం మీద వేపుడు తిరగేసింది.

"ముందే తెలిసుంటే," అంది, "ఆ ఆస్పత్రి వాళ్లు కనీసం మంచి మాప్ కర్ర అయినా కొనిచ్చేవాళ్లు."